టోటల్ లాస్ అన్నారా? అయితే బాగు చేయించండి

సర్వేయర్ రిపోర్టు చేతికొచ్చిన రోజు ఇంట్లోవాళ్లు, స్నేహితులు, షెడ్డు ఓనరు అందరూ ఒకే మాట అంటారు: "ఇక వదిలెయ్, వచ్చిందే పదివేలనుకో." నా సలహా దానికి పూర్తిగా ఎదురు. మీ పాత స్పోర్ట్స్ కారును బీమా కంపెనీ టోటల్ లాస్‌గా తేల్చిందంటే దాన్ని బాగు చేయించండి. లెక్క కుదరకపోయినా చేయించండి. మొండి సలహా అని తెలుసు, తెలిసే ఇస్తున్నాను. ఎక్కడ ఆగాలో కూడా చెబుతాను, అది కూడా నలుగురూ చెప్పే చోట కాదు.

హైదరాబాద్ శివార్లలోని శంషాబాద్ చుట్టుపక్కల ఈ ప్రశ్న తరచుగా వస్తుంది. గచ్చిబౌలి నుంచి శంషాబాద్ దాకా ఔటర్ రింగ్ రోడ్డు 2008లో తెరిచారు. ఇప్పుడది 158 కిలోమీటర్ల ఎనిమిది వరసల రోడ్డు, 2023లో గరిష్ఠ వేగం గంటకు 120 కిలోమీటర్లకు పెంచారు. మంచి బండి ఉన్నవాడికి ఆదివారం తెల్లవారుజామున కాలు ఆగదు. పక్కన ఆపి ఉంచిన లారీ ఒక్కటి చాలు, మిగతా కథ రికవరీ బండి చెబుతుంది. మనిషి క్షేమంగా బయటపడ్డాకే ఈ వ్యాసంలోని మాటలకు అర్థం. ముందు అది చూసుకోండి.

ఇప్పుడు లెక్క. మన మోటారు టారిఫ్ ప్రకారం బండిని తరలించడానికి, బాగు చేయడానికి అయ్యే ఖర్చు ఐడీవీలో 75 శాతం దాటితే దాన్ని టోటల్ లాస్ కింద కడతారు. ఐడీవీ అంటే పాలసీలో రాసుకున్న ధర. కొత్త బండికి ఆరు నెలల్లోపే 5 శాతం కోత పడుతుంది, ఏడాది లోపు 15, నాలుగు నుంచి ఐదేళ్ల మధ్య సగానికి సగం. ఐదేళ్లు దాటాక పట్టిక ఉండదు, కంపెనీ వాళ్లూ మీరూ మాట్లాడుకుని ఒక అంకె వేసుకోవాలి. ఆ రోజు ప్రీమియం తగ్గుతుందని చాలామంది చిన్న అంకెకే తలూపుతారు. ఉదాహరణకు 8 లక్షలు రాసుకున్నారనుకోండి. ఖర్చు 6 లక్షలు దాటిందంటే మీ బండి తుక్కు. ఇటలీ నుంచో ఇంగ్లండ్ నుంచో రెండు హెడ్‌లైట్లు, ఒక విండ్‌షీల్డ్, ఒక రేడియేటర్ తెప్పిస్తే చాలు, ఆ గీత దగ్గరపడుతుంది. ఛాసిస్ చెక్కుచెదరకపోయినా అంతే. తుక్కన్న తీర్పు ఇచ్చింది ఇనుము కాదు, రెన్యువల్ నాడు మీరు పెట్టిన సంతకం.

ఎదురు ఉదాహరణ చూడండి. మనందరికీ మిస్టర్ బీన్‌గా తెలిసిన రోవన్ అట్కిన్సన్ 1997లో 5 లక్షల 40 వేల పౌండ్లు పెట్టి మెక్‌లారెన్ ఎఫ్1 కొన్నాడు. 2011 ఆగస్టులో అది రోడ్డు మీద అదుపు తప్పి చెట్టుకు గుద్దుకుని నుజ్జయింది. బాగు చేయడానికి 9 లక్షల 10 వేల పౌండ్లయింది, అంటే కొన్న ధర కన్నా ఎక్కువ. బీమా కంపెనీ కట్టింది, ఎందుకంటే అప్పటికి ఆ బండి విలువ అంతకు ఎన్నో రెట్లు. 2015లో 80 లక్షల పౌండ్లకు అమ్ముడుపోయింది. అదే దెబ్బ, కాగితం మీద ధర తక్కువున్న బండికి తగిలి ఉంటే ముక్కలు చేసి అమ్మేసేవారు.

మీ బండికి ఇలా జరుగుతుందని ఆశపడొద్దు. పెట్టిన డబ్బు తిరిగి రాదని మొదటి రోజే ఒప్పుకోండి. అందుకే నా మొదటి సలహా: "ఎంతవుతుంది?" అని మొదట అడగొద్దు. "ఎంత మిగిలింది?" అని అడగండి. ఛాసిస్ నంబరు కొట్టిన రేకు ఉందా, ఇంజిన్ బ్లాకు పగిలిందా, ఒరిజినల్ తలుపులున్నాయా, అద్దాలున్నాయా. ఈ జాబితా రాశాకే ధర ముచ్చట.

రెండో సలహా వినగానే మీ అకౌంటెంట్ తల పట్టుకుంటాడు: తక్కువ డబ్బు తీసుకోండి. టోటల్ లాస్ తేలాక రెండు దారులుంటాయి. బండిని కంపెనీకి అప్పగించి ఐడీవీ మొత్తం తీసుకోవడం ఒకటి. బండిని మీరే ఉంచుకుని, దాని తుక్కు విలువ తీసేయగా మిగిలింది తీసుకోవడం రెండోది. 8 లక్షల ఐడీవీలో తుక్కుకు 2 లక్షలు పలికితే మీ చేతికి 6 లక్షలు, ఇంటికి బండి. ఎక్సెస్ కింద, అంటే క్లెయిమ్‌లో మీరు భరించాల్సిన వాటా కింద, కొంచెం పోతుంది. రెండో దారే పట్టండి.

అయితే సంతకం పెట్టేముందు ఆర్సీ సంగతి తేల్చుకోండి. కొన్ని కంపెనీలు ఆర్సీ రద్దు చేయించి తెస్తేనే డబ్బిస్తామంటాయి. ఆర్సీ రద్దయ్యాక ఎంత బాగు చేసినా బండి రోడ్డెక్కదు. మోటారు వాహనాల చట్టం 55వ సెక్షన్ ప్రకారం బండి నాశనమైతే, లేదా శాశ్వతంగా వాడకానికి పనికిరాకుండా పోతే 14 రోజుల్లో ఆర్టీఏకు తెలియజేయాలి. మీరు బాగు చేయించబోతున్నారు కాబట్టి అది శాశ్వతంగా పనికిరానిది కాదని, ఆర్సీ మీ దగ్గరే ఉంటుందని కంపెనీతో రాతపూర్వకంగా ఒప్పించుకోండి. ఇంకో మాట, ఇందులో నేను బొత్తిగా రాజీపడను. "ఆర్సీతో సహా ఇస్తే తుక్కుకు రెట్టింపిస్తా" అని ఎవరైనా వస్తే గుమ్మం కూడా ఎక్కనివ్వొద్దు. వాడికి మీ బండి అక్కర్లేదు, మీ బండి నంబర్లు కావాలి. రేపు అదే ఛాసిస్ నంబరు దొంగ బండి మీద కొట్టి తిప్పితే పోలీసులు వెతుక్కుంటూ వచ్చేది మీ ఇంటికే.

బండి ఇంటికొచ్చాక ఏమీ చేయొద్దు. ఇదీ ఎదురు సలహాయే, ఎందుకంటే అందరూ మర్నాడే షెడ్డుకు తోసేయమంటారు. కడగొద్దు. స్టార్ట్ చేయొద్దు. వరదలో మునిగిన బండైతే తాళం చెవి కూడా తిప్పొద్దు. సిలిండర్లలో నీళ్లుంటే సెల్ఫ్ కొట్టగానే కనెక్టింగ్ రాడ్లు వంగుతాయి. 2020 అక్టోబరు వరదల తర్వాత హైదరాబాద్‌లో ఇది తెలియక ఇంజిన్లు పోగొట్టుకున్నవాళ్లున్నారు. ప్రతి బోల్టూ దాని చోట ఉండగానే ఫోటోలు తీసుకోండి. విప్పాక ఫోటో తీస్తే అది ఏ బ్రాకెట్టో, ఏ క్లిప్పో తయారుచేసినవాడు కూడా చెప్పలేడు. షెడ్డులో విప్పి పడేసిన పాత స్పోర్ట్స్ కారు మళ్లీ ఒక్కటవడం అరుదు. విప్పడం ఒక పూట పని, సామాను రావడానికి నెలలు పడుతుంది, ఈలోగా కుర్రాడు మారతాడు, డబ్బాలు మారతాయి.

ఛాసిస్ వంగిందో లేదో తెలుసుకోవడానికి మొదటి కొలత మీరే తీయండి, మెకానిక్ మాట తర్వాత. గట్టి సిమెంటు నేల మీద కారును నాలుగు స్టాండ్లపై సమంగా నిలబెట్టండి. గోడ కట్టే మేస్త్రి దగ్గరుండే తూకపు గుండు తెచ్చుకోండి. ముందూ వెనకా సస్పెన్షన్ ఆర్మ్‌లు ఛాసిస్‌కు బిగిసే బోల్టుల నడిమి నుంచి దారం వదిలి, గుండు ఊగడం ఆగాక దాని మొన కింద సుద్దముక్కతో గుర్తు పెట్టండి. అన్ని గుర్తులూ పడ్డాక బండిని పక్కకు తీయించి, ముందు ఎడమ గుర్తు నుంచి వెనక కుడి గుర్తుకు, ముందు కుడి నుంచి వెనక ఎడమకు టేపు పట్టండి. రెండు మూడు మిల్లీమీటర్ల తేడా మీ చేతి వణుకులోనే రావచ్చు. సెంటీమీటరు దాటితే ఫ్రేము వంకర పోయినట్టే. అడ్డకొలతలు సరిపోయినా సంబరపడొద్దు. ఫ్రేము నడుం దగ్గర కిందికి జారినా ఈ కొలతలు సరిగ్గానే వస్తాయి. అందుకే బండిని పక్కకు తీయించకముందే ఆ బోల్టులు ఒక్కోటీ నేల నుంచి ఎంత ఎత్తులో ఉన్నాయో కూడా రాసుకోండి. ఈ కాగితం చేతిలో ఉంటే ఏ షెడ్డులోనూ మీకు లేని రోగం అంటగట్టలేరు, ఉన్న రోగం దాచలేరు. అసలు పని మొదలుపెట్టేముందు సరైన జిగ్ మీద మరోసారి కొలిపించడం ఎలాగూ తప్పదు.

ఫ్రేమును లాగి సరిచేయొచ్చు. సస్పెన్షన్ ఆర్మ్, స్టీరింగ్ ర్యాక్, చక్రం మోసే నకల్ మాత్రం వంగితే పారేయాల్సిందే. వేడి చేసి తిన్నగా కొట్టిస్తానన్న మనిషి దగ్గర బండి ఒక్క రాత్రి కూడా ఉంచొద్దు. డబ్బు విషయంలో నేనిచ్చే సలహా మొండిదే కావచ్చు గానీ, ప్రాణం విషయంలో ఆ మొండితనం పనికిరాదు.

సామాను కొనేటప్పుడు కూడా తలకిందులుగా వెళ్లండి. అందరూ ముందు బానెట్టు, మడ్‌గార్డులు కొంటారు. మీరు ముందు అద్దం, రబ్బరు, క్లిప్పులు కొనండి. రేకు ఎంత నలిగినా కొట్టి మళ్లీ తీసుకురాగల చేతులు మన ఊళ్లో ఉన్నాయి. వంపు తిరిగిన పాత విండ్‌షీల్డ్‌ను, తలుపు చుట్టూ తిరిగే రబ్బరు పట్టీని ఏ మేస్త్రీ చేసివ్వలేడు. అవి దొరకవని తేలితే అదే రోజు పని ఆపేయొచ్చు. రంగు వేసేదాకా వెళ్లి అద్దం దొరక్క గుడ్డ కప్పి పెట్టిన బండి కన్నా అది మేలు.

దిగుమతికి ఆర్డరిచ్చేముందు ఆ బండికి మన దేశంలో చుట్టాలున్నారేమో చూడండి. బ్రిటిష్ స్పోర్ట్స్ కారు ట్రయంఫ్ స్పిట్‌ఫైర్ 1962లో వచ్చింది. దాని ముందు సస్పెన్షన్ ట్రయంఫ్ హెరాల్డ్‌ది. ఆ హెరాల్డ్‌నే 1961 నుంచి మద్రాసులో స్టాండర్డ్ కంపెనీ స్టాండర్డ్ హెరాల్డ్ పేరుతో తయారుచేసింది. ఇంగ్లండ్‌కు ఉత్తరం రాసేముందు రాణిగంజ్ పాత దుకాణాల్లో, విజయవాడ ఆటోనగర్‌లో హెరాల్డ్ సామాను ఉందేమో అడగండి. అడిగేటప్పుడు ట్రనియన్ పేరు తప్పకుండా ఎత్తండి. చక్రం మోసే నిలువు కడ్డీ అడుగున మరలు తిప్పి ఉంటాయి, అది ఒక కంచు ముక్కలో తిరుగుతుంది. ఆ కంచు ముక్కే ట్రనియన్. అందులో పోయాల్సింది గేర్ ఆయిల్, ఈపీ 90. గ్రీజు గన్ చేతికందింది కదా అని ఏళ్ల తరబడి గ్రీజు కొడతారు. గ్రీజు మరల్లోకి పూర్తిగా దిగదు, నీళ్లు దిగుతాయి, కడ్డీ తుప్పు పట్టి ఒకనాడు మలుపులో పుటుక్కుమంటుంది, చక్రం కిందికి మడుచుకుపోతుంది. స్పిట్‌ఫైర్ యాక్సిడెంట్ అయిందంటే ముందు ఆ కడ్డీ విరిగిన చోటు చూడండి. తుప్పు మచ్చ పాతదైతే తప్పు డ్రైవరుది కాదు, గ్రీజు గన్‌ది.

ఇక రేకుపని. అల్యూమినియం బాడీ ఉన్న బండిని మామూలు డెంటింగ్ షెడ్డుకు తీసుకెళ్లొద్దు, అది ఎంత పేరున్న షెడ్డయినా సరే. ఉక్కు రేకు కొట్టిన సుత్తితో, రుద్దిన ఫైలుతో అల్యూమినియాన్ని ముట్టుకుంటే ఉక్కు రజను అందులో ఇరుక్కుంటుంది. కొన్ని వానాకాలాల తర్వాత రంగు కింద తెల్లటి పొక్కులు లేస్తాయి. ఈ రోగం తెలిసినవాళ్లు ఎక్కడుంటారంటే, విమానాలు బాగు చేసేచోట. శంషాబాద్ విమానాశ్రయం ఆవరణలోనే జీఎంఆర్ ఏరో టెక్నిక్ హ్యాంగర్లున్నాయి. దగ్గర్లో ఆదిభట్లలో టాటా కర్మాగారాల్లో అపాచీ హెలికాప్టర్ల ఫ్యూజలేజ్‌లు, సి-130జె విమానాల తోకభాగాలు తయారవుతాయి. అల్యూమినియం పనిముట్లు విడిగా ఉంచడం, రివెట్టు రంధ్రం అంచు నున్న చేయడం, ఉక్కు బోల్టుకూ అల్యూమినియానికీ మధ్య పూత వేయడం ఆ పనివాళ్లకు రోజూ ఉండేదే. కారును ఆ గేట్ల దగ్గరికి తోసుకెళ్లమని కాదు, వాళ్లు కార్లు తీసుకోరు. అక్కడ పనిచేసి రిటైరైనవాళ్లు, మానేసి సొంత పని పెట్టుకున్నవాళ్లు చుట్టుపక్కల కాలనీల్లో ఉంటారు. వాళ్లను వెతికి పట్టుకోండి. కారు తెలియని మనిషికి కారు అప్పగించడమేమిటని అందరూ అంటారు. లోహం తెలిసినవాడికి కారు నేర్పొచ్చు. కారు మాత్రమే తెలిసినవాడికి లోహం నేర్పడానికి ఏళ్లు పడుతుంది.

నష్టానికి ఎందుకు బాగు చేయించాలన్న దానికి నా జవాబు ఇక్కడే ఉంది. ఇవాళ్టి కారుకు బంపర్ పగిలితే మార్చడమే, డోరు నొక్కుకుంటే మార్చడమే. రేకును సుత్తికీ డాలీకీ మధ్య పెట్టి వంపు తీసుకురావడం, సీసంతో అతుకు నింపడం, లేత్ మీద లేని బుష్‌ను పుట్టించడం అడిగేవాళ్లు తగ్గిపోతున్నారు. అడిగేవాళ్లు లేకపోతే నేర్చుకునే కుర్రాళ్లూ ఉండరు. బహదూర్‌పురాలోని సుధా కార్స్ మ్యూజియంలో చేత్తో కట్టిన విచిత్రమైన కార్లు చూసినవాళ్లకు ఈ ఊరి చెయ్యిపని ఎంతదో తెలుసు. చౌమహల్లా ప్యాలెస్‌లో ఉన్న 1912 నాటి నిజాం రోల్స్ రాయిస్ సిల్వర్ ఘోస్ట్ దశాబ్దాలు కదలకుండా పడి ఉండి మళ్లీ బాగుపడింది. మీరు పెట్టే 10 లక్షల్లో 4 లక్షలు నష్టమనుకోండి, ఆ 4 లక్షలు ఒక డెంటర్ చేతికి, అతని పక్కన నిలబడి చూసే కుర్రాడి కంటికి వెళ్తాయి. అంత డబ్బు పెట్టగలిగినవాళ్లకే చెబుతున్నాను. అప్పు చేసి ఈ పని చేయొద్దు.

ఆగాల్సిన చోటు మంట.

2024 ఏప్రిల్ 13న విమానాశ్రయానికి దగ్గర్లో, పహాడీషరీఫ్ పోలీసుల పరిధిలో, మామిడిపల్లి దారిలో పసుపురంగు లాంబోర్గిని గల్లార్డోను పెట్రోలు పోసి తగలబెట్టారు. 2009 మోడల్, అమ్మకానికి పెట్టిన బండి. డబ్బు గొడవే కారణమని పోలీసులు చెప్పారు. ఆ వీడియో దేశమంతా తిరిగింది. 2003 నుంచి 2013 దాకా మొత్తం 14,022 గల్లార్డోలు తయారయ్యాయి. వాటి ఫ్రేమూ అల్యూమినియమే, పై రేకులూ అల్యూమినియమే. ఆ లోహం 660 డిగ్రీల దగ్గర కరుగుతుంది, పెట్రోలు మంట అంతకన్నా వేడి. కరిగిన భాగం కంటికి కనిపిస్తుంది కాబట్టి దానితో పేచీ లేదు. భయమంతా కరగకుండా నిలబడ్డ భాగంతోనే. ఇలాంటి మిశ్రమలోహాన్ని కర్మాగారంలో వేడితో గట్టిపరుస్తారు. మంటలో 200 డిగ్రీలు దాటి కాసేపున్నా ఆ గట్టితనం దిగిపోవడం మొదలవుతుంది. ఆకారం అలాగే ఉంటుంది, బలం ఉండదు. విమానానికి మంట తగిలితే ఇంజినీర్లు ప్రైమర్ రంగు ఎంత మారిందో చూస్తారు, గట్టితనం కొలుస్తారు, లోహంలో విద్యుత్తు ఎంత తేలిగ్గా పారుతోందో కొలిచి ఎక్కడి దాకా వేడి చేరిందో పట్టుకుంటారు. కాలిన అల్యూమినియం కారుకు కూడా ఆ పరీక్షలు చేయించకుండా ఒక్క రూపాయి పెట్టొద్దు. ఫ్రేము మెత్తబడిందని తేలితే దాన్ని మళ్లీ రోడ్డెక్కించొద్దు.

రోడ్డెక్కించొద్దన్నానే గానీ తుక్కుకు వేయమనలేదు. 1954 నాటి ఫెరారీ 500 మోండియాల్ ఒకటి 1960లలో కాలిపోయి నలిగిన రేకుగా మిగిలింది. 2023 ఆగస్టులో అమెరికాలో జరిగిన వేలంలో ఆ రేకు 18 లక్షల 75 వేల డాలర్లకు పోయింది. దాని ఛాసిస్ నంబరు నిజమైనది కావడమే కారణం. అంతకన్నా నాకు నచ్చిన ఉదాహరణ బుగాటిది. 1925 నాటి బుగాటి బ్రెసియా ఒకటి సుంకం కట్టనందుకు స్విట్జర్లాండ్‌లో మాజోరే సరస్సు పాలైంది. 2009 జులైలో ఊరివాళ్లు పైకి తీశారు. 2010 జనవరిలో అది 2,60,500 యూరోలకు అమ్ముడైంది. కొన్న అమెరికా సేకర్త పీటర్ ముల్లిన్ దాన్ని బాగు చేయలేదు, రంగు వేయలేదు. నీళ్లు తినేసిన రేకుతోనే మ్యూజియంలో నిలబెట్టాడు. బాగు చేయడానికీ తుక్కుకూ మధ్య ఈ మూడో దారి ఉందని మనవాళ్లకు ఎవరూ చెప్పరు. కాలిన గల్లార్డో లాంటి బండిని ఇంజినీరింగ్ కాలేజీకి ఇచ్చినా చాలు. వేడికి లోహం ఏమవుతుందో ముక్క కోసి చూపించగలిగిన పాఠం ఏ పుస్తకంలోనూ దొరకదు.

పని అయ్యాక కొత్తదానిలా తళతళలాడించొద్దు. ఒరిజినల్ రంగు మిగిలిన చోట మిగల్చండి, తలుపు లోపలి గీతలు ఉండనివ్వండి, కొత్తగా చేయించిన రేకు లోపలి వైపు తేదీ రాయించండి. 50 ఏళ్లు దాటిన బండైతే ఇది చట్టానికి కూడా పనికొస్తుంది. 2021 జులైలో వచ్చిన వింటేజ్ వాహనాల నిబంధనల ప్రకారం ఛాసిస్, బాడీ, ఇంజిన్‌లలో పెద్ద మార్పులు చేయకుండా అసలు రూపంలో ఉన్న బండికే వీఏ అక్షరాలున్న ప్రత్యేక నంబరు ఇస్తారు. కొత్త రిజిస్ట్రేషన్‌కు 20,000 రూపాయలు, పదేళ్ల గడువు, రోజువారీ వాడకానికి అనుమతి లేదు. అందుకే "ఎలాగూ విప్పాం కదా, జపాన్ ఇంజిన్ పెట్టేద్దాం" అన్న సలహా ఎంత తియ్యగా ఉన్నా వినొద్దు.

బండి తిరగడం మొదలయ్యాక కొత్త పాలసీ తీసుకోవాలి, పాతది టోటల్ లాస్ క్లెయిమ్‌తోనే ముగిసింది. ఏజెంట్ చిన్న ఐడీవీ చూపించి ప్రీమియం తగ్గిందంటాడు. ఫోటోలు, కొలతల కాగితం, బిల్లులన్నీ ఫైలు చేసి ముందు పెట్టి, పెద్ద అంకె అడగండి. ప్రీమియం పెరుగుతుంది, కట్టండి. పదేళ్లు దాటిన బండికి లోహపు సామాను మీద సగమే ఇస్తారని, రబ్బరు, ప్లాస్టిక్ మీద కూడా సగమేనని చదువుకుని సంతకం పెట్టండి. ఒప్పుకోకపోతే ఇంకో కంపెనీకి వెళ్లండి.